ప్రోగ్రాముల రచనకు కృత్రిమ మేధ సహాయకుడు: ఎంపికలో మా అనుభవాలు

ప్రతి నెలా చివరి పనిదినం నాడు మన సంస్థలోని ప్రతి ఉద్యోగికీ జీతపు చీటీ అందుతుంది. మూల వేతనం, కరువు భత్యం, రాత్రి షిఫ్టు భత్యం, భవిష్యనిధి మినహాయింపు వరుసగా కనిపించే ఆ చీటీ వెనుక కొన్ని వేల పంక్తుల ప్రోగ్రాము ఉన్నదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ కలగలేదు. 1992లో కోబాల్ భాషలో వ్రాసిన ఆ ప్రోగ్రాము ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక్క నెల కూడా తప్పకుండా తన పని తాను చేసుకుపోతున్నది. ఈ కాలంలో కంప్యూటర్లు ఎన్నో మారాయి, గదులు మారాయి, అధికారులు మారారు. ప్రోగ్రాము మాత్రం చిన్న చిన్న సవరణలతో అలాగే నిలిచింది. దానిని ఆమూలాగ్రం ఎరిగిన సహోద్యోగి మా విభాగంలో ఇప్పుడు ఒక్కరే మిగిలారు. వారు వచ్చే సంవత్సరం పదవీ విరమణ చేయనున్నారు.

ఈ నేపథ్యంలోనే ప్రోగ్రాముల రచనలో తోడ్పడే కృత్రిమ మేధ సహాయకుడిని ఒకదానిని ఎంపిక చేయవలసిందిగా యాజమాన్యం మా ముగ్గురితో కూడిన సంఘాన్ని ఆదేశించింది. అది బహిరంగ మూలం గలదై, అంటే ఓపెన్ సోర్స్ పద్ధతిలో లభించేదై, మన ఆవరణలోని యంత్రాల మీదనే పనిచేయాలన్నది మాకు విధించిన షరతు. ఆ పనిలో మేము నేర్చుకున్న విషయాలను, చేసిన పొరపాట్లను కూడా దాచకుండా, సహోద్యోగుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

షరతు వెనుక ఉన్న సంఘటన

ఆ షరతుకు కారణం లేకపోలేదు. మా విభాగంలో కొత్తగా చేరిన యువ సహోద్యోగి ఒకరు, డేటాబేసు నుంచి నివేదిక రాకపోవడంతో విసిగి, ప్రోగ్రాము మొత్తాన్ని ఇంటర్నెట్‌లో లభించే ఒక సహాయక సేవలో అతికించి దోషం ఎక్కడున్నదని అడిగారు. దోషం దొరికింది, నివేదికా వచ్చింది. అయితే అతికించిన ఆ పాఠంలో డేటాబేసు సంకేతపదం కూడా ఉన్నదని సాయంత్రానికి గాని ఎవరికీ తట్టలేదు. ఆ రాత్రే సంకేతపదాలన్నీ మార్చాము. నష్టం ఏమీ జరిగిన జాడ కనిపించలేదు గాని, గడప దాటిన మాటను వెనక్కి పిలవడం ఎవరితరమూ కాదు.

ఇటువంటి అనుభవం మనకే ప్రత్యేకమైనది కాదు. 2023లో దక్షిణ కొరియాకు చెందిన ప్రసిద్ధ ఎలక్ట్రానిక్స్ సంస్థ శాంసంగ్, తన ఇంజనీర్లు రహస్య ప్రోగ్రాములను చాట్‌జీపీటీకి అందించారని తెలిసి అటువంటి సేవల వాడకాన్ని నిషేధించింది. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ, కార్యాలయ కంప్యూటర్ల మీద చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటి సాధనాలను ఉపయోగించవద్దని తన సిబ్బందికి సూచించింది. నిషేధం సులభమే, కాని పనికి ఉపకరించే సాధనాన్ని నిషేధించి ప్రత్యామ్నాయం చూపకపోతే సిబ్బంది చాటుమాటుగా దానినే ఆశ్రయిస్తారు. కాబట్టి సాధనాన్ని ఇంటికే తెచ్చుకోవడం మేలని యాజమాన్యం భావించింది.

పరాధీనత అంటే ఏమిటో మన దేశంలోని కంప్యూటరు రంగానికి కొత్తగా చెప్పనవసరం లేదు. విదేశీ వాటాను తగ్గించుకోవాలన్న నిబంధనకు సమ్మతించక 1978లో ఐ.బి.ఎం. మన దేశం నుంచి వైదొలగినప్పుడు, ఆ సంస్థ యంత్రాల నిర్వహణ భారాన్ని ప్రభుత్వ రంగ సంస్థ అయిన సి.ఎం.సి. తలకెత్తుకుంది. అద్దెకు తెచ్చుకున్న సాధనం ఏదో ఒకనాడు వెళ్ళిపోగలదన్న పాఠం ఆ తరం ఉద్యోగులకు బాగా తెలుసు. 2015లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన బహిరంగ మూల సాఫ్ట్‌వేర్ విధానం వెనుక కూడా ఇటువంటి ఆలోచనే ఉన్నదని మా అభిప్రాయం.

సహాయకుడు అంటే ఒక్కటి కాదు, మూడు

2021 జూన్‌లో గిట్‌హబ్ సంస్థ ‘కోపైలట్’ అనే సాధనాన్ని పరీక్షార్థం విడుదల చేయడంతో ఈ రంగం సామాన్య ప్రోగ్రామర్ల దృష్టిలో పడింది. తరువాతి సంవత్సరం అది అందరికీ చందా మీద అందుబాటులోకి వచ్చింది. ప్రోగ్రాము వ్రాస్తూ ఉండగా తరువాతి పంక్తి ఏమై ఉంటుందో ఊహించి సూచించడం దాని పని. నేటి సాధనాలు ఇంకా ముందుకు వెళ్ళి, ప్రశ్నలకు సమాధానం చెప్పడం, అనేక ఫైళ్ళను ఒకేసారి మార్చడం, ఆదేశాలను తామే నడిపించడం కూడా చేస్తున్నాయి.

మేము మొదట చేసిన పొరపాటు, సహాయకుడు అంటే ఒకే వస్తువు అనుకోవడం. వాస్తవంలో అందులో మూడు అంగాలు ఉన్నాయి. మొదటిది నమూనా, అంటే శిక్షణ ద్వారా కుదిరిన కోట్లాది సంఖ్యల రాశి. రెండవది ఆ సంఖ్యలను యంత్రం మీద నడిపించే సాఫ్ట్‌వేర్, లామా.సీపీపీ, ఓలామా, వీఎల్ఎల్ఎమ్ ఈ కోవకు చెందినవి. మూడవది ప్రోగ్రామర్ కళ్ళ ముందు, ఎడిటర్‌లో గాని టెర్మినల్‌లో గాని కనిపించే ఉపకరణం. కంటిన్యూ, ట్యాబీ, క్లైన్, ఎయిడర్ ఇందుకు ఉదాహరణలు. వీటిలో ఏ ఒక్కదానిని మార్చినా మిగిలిన రెండూ అలాగే ఉండవచ్చు. కనుక ఎంపిక కూడా మూడుసార్లు చేయవలసి ఉంటుంది. ఉపకరణం బహిరంగ మూలం గలదై ఉండి, దాని వెనుక నమూనా మాత్రం విదేశంలోని ఎవరిదో సర్వర్ మీద ఉండే అవకాశం ఉన్నదని, అటువంటప్పుడు మన ప్రోగ్రాము యథాప్రకారం గడప దాటుతుందని పాఠకులు గమనించాలి.

‘ఓపెన్’ అన్న మాటలోని అంతరాలు

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటే స్వేచ్ఛకూ, ఉచితానికీ వాడుక కావడంతో ఆ భాషలో ఎంతో గందరగోళం ఏర్పడింది. మన భాషలో ఆ రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. డౌన్‌లోడు చేసుకోవడానికి డబ్బు అడగని నమూనా ఉచితమైనది. దానిని ఏ పనికైనా వాడుకొని, పరిశీలించి, మార్చి, ఇతరులతో పంచుకోనిచ్చేదే స్వేచ్ఛ గలది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ఉద్యమాన్ని ప్రకటించినది మొదలు నేటివరకు వివాదం ఈ తేడా గురించే.

నమూనాల విషయంలో ఈ తేడా మరింత సూక్ష్మమైనది. 2024 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ సంస్థ కృత్రిమ మేధకు సంబంధించి తన తొలి నిర్వచనాన్ని ప్రకటించింది. సంఖ్యల రాశిని మాత్రమే ఇస్తే చాలదనీ, శిక్షణకు వాడిన ప్రోగ్రాములను, శిక్షణ సమాచారం గురించిన తగినంత వివరాన్ని కూడా వెల్లడించాలనీ దాని సారాంశం. ఈ కొలబద్దతో చూస్తే ‘ఓపెన్’ అని ప్రచారం పొందిన నమూనాలలో అనేకం నిజానికి సంఖ్యలను మాత్రమే బయటపెట్టినవి.

మేము లైసెన్సు పత్రాలను ఒక్కొక్కటిగా చదివాము. మెటా సంస్థ 2023 ఆగస్టులో విడుదల చేసిన కోడ్ లామాకు ఆ సంస్థ స్వంత లైసెన్సు ఉన్నది. అందులో వినియోగంపై ఆంక్షలు ఉన్నాయి, నెలకు 70 కోట్ల మందికి మించి వినియోగదారులున్న సంస్థలు వేరే అనుమతి పొందాలన్న నిబంధన కూడా ఉన్నది. ఫ్రాన్సుకు చెందిన మిస్ట్రాల్ సంస్థ 2024 మేలో కోడ్‌స్ట్రాల్‌ను విడుదల చేసినప్పుడు ఉత్పాదక కార్యాలకు వాడరాదన్న లైసెన్సుతో ఇచ్చింది. అదే సంస్థ 2025 మేలో విడుదల చేసిన డెవ్‌స్ట్రాల్‌కు మాత్రం ఉదారమైన అపాచీ 2.0 లైసెన్సు ఉన్నది. చైనాకు చెందిన అలీబాబా సంస్థ నమూనా క్వెన్ 2.5 కోడర్ ఆరు పరిమాణాలలో వచ్చింది. వాటిలో ఐదింటికి అపాచీ లైసెన్సు ఉండగా, 300 కోట్ల పరామితుల నమూనాకు మాత్రం పరిశోధనకే పరిమితమైన లైసెన్సు ఉన్నది. మా సభ్యులలో ఒకరు చిన్న యంత్రానికి సరిగ్గా సరిపోతుందని మొదట ఎంపిక చేసినది ఆ ఒక్కదానినే! ఒకే కుటుంబమైనా లైసెన్సు ఒకటే కానక్కరలేదని అప్పుడు బోధపడింది.

శిక్షణ సమాచారం విషయంలో హగ్గింగ్ ఫేస్, సర్వీస్‌నౌ సంస్థల సారథ్యంలో సాగిన బిగ్‌కోడ్ ప్రాజెక్టు ప్రత్యేకంగా పేర్కొనదగినది. 2023 మేలో స్టార్‌కోడర్ నమూనాను విడుదల చేసినప్పుడు, ఏ ప్రోగ్రాముల మీద శిక్షణ జరిగిందో ఆ భాండారాన్ని కూడా వారు బహిరంగపరిచారు. తమ రచనను అందులో నుంచి తొలగించవలసిందిగా రచయితలు కోరే సదుపాయం సైతం కల్పించారు. ఇతరుల శ్రమను వాడుకునేటప్పుడు పాటించవలసిన మర్యాద ఇది.

యంత్రం ఎంత, బరువు ఎంత

నమూనా పరిమాణాన్ని పరామితుల సంఖ్యతో చెబుతారు. లెక్క కష్టమైనది కాదు. ఒక్కొక్క పరామితికి 16 బిట్లు, అంటే 2 బైట్లు కేటాయిస్తే, 700 కోట్ల పరామితుల నమూనాకు 14 గిగాబైట్ల జ్ఞాపకశక్తి అవసరం. ఆ సంఖ్యలను 4 బిట్లకు కుదిస్తే అదే నమూనా 4 గిగాబైట్లకు కొంచెం అటూ ఇటూగా ఇమిడిపోతుంది. కుదించడం వల్ల నాణ్యత కొంత తగ్గుతుంది గాని, పనికిరానంతగా కాదు. 3,200 కోట్ల పరామితుల నమూనాకు 4 బిట్ల లెక్కన 16 గిగాబైట్లు కావాలి. ఆచరణలో 20 వరకు పడుతుంది. కనుక 24 గిగాబైట్ల గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఒక యంత్రంతో దానిని నడపవచ్చు.

నమూనాకు మాత్రమే చోటు చూసుకుంటే సరిపోదు. మనం చదవమని ఇచ్చే ప్రోగ్రాము పాఠానికి కూడా చోటు కావాలి. ఇక్కడే మేము రెండవ పొరపాటు చేశాము. జీతాల ప్రోగ్రామును పూర్తిగా ఇచ్చి సారాంశం చెప్పమన్నాము. సమాధానం ధారాళంగా వచ్చింది, కాని అది ప్రోగ్రాము చివరి భాగానికి మాత్రమే సంబంధించినది. కారణం వెదికితే, నడిపించే సాఫ్ట్‌వేర్‌లో పాఠం పొడవుకు ముందుగానే ఒక చిన్న పరిమితి నిర్ణయమై ఉన్నదని తేలింది. ఓలామాలో తొలి రోజులలో ఆ పరిమితి 2,048 టోకెన్లు. అంతకు మించిన పాఠాన్ని ఏ హెచ్చరికా లేకుండా అది విడిచిపెట్టింది. సగం ఫైలు చదివి మొత్తం ఫైలు మీద నివేదిక వ్రాసే గుమాస్తా వంటిదన్నమాట. సెట్టింగులలో ఆ పరిమితిని పెంచిన తరువాతనే మా పరీక్షలను తిరిగి మొదలుపెట్టాము.

పరీక్ష పత్రం మనదే కావాలి

నమూనాల గొప్పదనాన్ని చాటడానికి మార్కుల పట్టికలు ఎన్నో ప్రచారంలో ఉన్నాయి. 2021లో ఓపెన్ఏఐ సంస్థ రూపొందించిన ‘హ్యూమన్ ఈవాల్’లో ఉన్నవి 164 చిన్న పైథాన్ సమస్యలు. 2023లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, సహచరులు తెచ్చిన ‘ఎస్‌డబ్ల్యూఈ బెంచ్’లో 12 పైథాన్ ప్రాజెక్టుల నుంచి తీసుకున్న 2,294 నిజమైన సమస్యలు ఉన్నాయి. రెండవది మొదటిదానికంటె వాస్తవానికి ఎంతో దగ్గర. అయినప్పటికీ రెండింటిలోనూ కోబాల్ లేదు, మన భత్యాల నిబంధనలు అసలే లేవు. పైగా బహిరంగంగా ఉన్న పరీక్ష పత్రం శిక్షణ సమాచారంలో ముందే కలిసిపోయి ఉండే ప్రమాదమూ ఉన్నది. ప్రశ్నపత్రం ముందే చూసిన విద్యార్థి మార్కులకు విలువ ఎంత ఉంటుంది?

అందుచేత మా ప్రశ్నపత్రాన్ని మేమే తయారు చేసుకున్నాము. గతంలో మా విభాగం పరిష్కరించిన సమస్యలనే ఎంచుకొని, సరైన సమాధానం మాకు ముందే తెలిసిన పనులను నమూనాలకు అప్పగించాము. పాత కోబాల్ పేరాను వివరించడం, నివేదిక ప్రోగ్రాములో దోషం కనిపెట్టడం, డేటాబేసు ప్రశ్నలు వ్రాయడం, కోబాల్‌లో ఉన్న ఒక లెక్కను జావాలోకి మార్చడం అందులో ముఖ్యమైనవి.

వివరించడంలో నమూనాలు మమ్మల్ని సంతోషపెట్టాయి. డేటాబేసు ప్రశ్నల విషయంలోనూ సమయం కలిసివచ్చింది. అసలు పరీక్ష జావాలోకి మార్చే పనిలో ఎదురైంది.

పైసల కథ

కోబాల్‌లో డబ్బును దశాంశ అంకెలుగానే దాస్తారు. ఒక నమూనా దానిని జావాలో ‘డబుల్’ అనే రకంలోకి మార్చింది. ఆ రకంలో సంఖ్యలు ద్విసంఖ్యామానంలో ఉంటాయి కాబట్టి పది పైసల వంటి చిన్న మొత్తాన్ని కూడా అది ఖచ్చితంగా దాచలేదు. డబ్బు లెక్కలకు ‘బిగ్‌డెసిమల్’ అన్న రకాన్ని వాడాలి. ఈ దోషాన్ని మేము వెంటనే పట్టుకున్నాము. ఎత్తి చూపగానే నమూనా కూడా సరిదిద్దింది.

రెండవ దోషం అంత సులువుగా దొరకలేదు. కోబాల్‌లో ‘రౌండెడ్’ అన్న మాట వ్రాయకపోతే రెండు దశాంశాలకు మించిన అంకెలు కత్తిరించబడతాయి. మన ప్రోగ్రాములో దాదాపు అన్నిచోట్లా అలాగే ఉన్నది. ఒక్క రాత్రి షిఫ్టు భత్యం పేరాలో మాత్రం ‘రౌండెడ్’ అన్న మాట ఉన్నది. నమూనా దీనిని ‘అసంగతం’గా భావించి, మిగిలిన లెక్కలతో సమానం చేస్తూ, అక్కడ కూడా అంకెలను కత్తిరించివేసింది. మార్చిన ప్రోగ్రాము చూడటానికి మూలంకంటె ముచ్చటగా ఉన్నది. పాత చీటీలతో పోల్చినప్పుడు మాత్రం కొందరి భత్యంలో ఒక్కొక్క పైసా తేడా వచ్చింది.

ఒక్క పైసాయే కదా అని మాలో ఒకరు అన్నారు. అప్పుడు పదవీ విరమణకు దగ్గరలో ఉన్న ఆ సహోద్యోగి నెమ్మదిగా చెప్పిన విషయం మాకు కనువిప్పు కలిగించింది. ప్రోగ్రాము కొత్తలో ఆ పేరాలో కూడా ‘రౌండెడ్’ లేదట. రాత్రి షిఫ్టు కార్మికులు తమ భత్యాన్ని చేతిలెక్కతో సరిచూసుకొని, ప్రతి నెలా పైసలు ఎటు పోతున్నాయని అడిగారట. మొత్తం చిన్నదే అయినా ప్రశ్న న్యాయమైనదని యాజమాన్యం అంగీకరించి ఆ ఒక్కచోట సవరణ చేయించిందట. ఆ సవరణ చేసినది వారే. ఆ విషయం ఏ ఫైలులోనూ నమోదు కాలేదు, ప్రోగ్రాములో వ్యాఖ్యగానూ లేదు. అది వారి జ్ఞాపకంలో ఉన్నది, ఆ ఒక్క మాటలో ఉన్నది.

నమూనాది దోషమని మేము అనలేము. ఎవరూ వ్రాసి పెట్టని సంగతి దానికి తెలిసే మార్గం లేదు. కాని వారు మరుసటి సంవత్సరం మా మధ్య లేని కాలంలో ఈ మార్పు జరిగి ఉంటే, ఆనాడు కార్మికులు అడిగి సాధించుకున్న న్యాయాన్ని, ఎవరికీ తెలియకుండా, అందంగా తుడిచివేసి ఉండేవాళ్ళం. ఈ ఆలోచన మమ్మల్ని చాలాకాలం వెంటాడింది.

భద్రత: తాళం ఒక్కటే చాలదు

నమూనా మన ఆవరణలో ఉన్నంత మాత్రాన నిశ్చింత కలగదు. మేము గమనించిన జాగ్రత్తలను క్లుప్తంగా పేర్కొంటాము.

మొదటిది, ఫైలు రూపం. నమూనాలను దాచే పాత ‘పికిల్’ పద్ధతి ఫైళ్ళలో, తెరిచినంతనే నడిచే ప్రోగ్రాము దాగి ఉండవచ్చు. ‘సేఫ్‌టెన్సర్స్’ వంటి రూపాలలో కేవలం సంఖ్యలే ఉంటాయి. అధికారిక స్థానం నుంచి మాత్రమే తెచ్చుకొని, సరిచూపు సంఖ్యను పోల్చి, ఆ తరువాతనే అంతర్గత నెట్‌వర్కులోకి తేవాలి.

రెండవది, తలుపు. ఓలామా వంటి సాఫ్ట్‌వేర్‌ను నెట్‌వర్కులో అందరికీ అందేటట్లు తెరిచినప్పుడు, అడిగిన వారెవరో విచారించే ఏర్పాటు దానంతట దానికి ఉండదు. తాళం వేసి గొళ్ళెం మరచినట్లు కాకుండా, దాని ముందు సంకేతపదం అడిగే వేరొక సర్వర్‌ను నిలపాలి. ఎడిటర్, ఉపకరణం వినియోగ వివరాలను తమ తయారీదారులకు పంపే సదుపాయం ఉంటే దానిని ఆపివేయాలి.

మూడవది, లేని గ్రంథాలయాలు. నమూనాలు ఒక్కొక్కసారి ఉనికిలోనే లేని ప్యాకేజీల పేర్లను సూచిస్తాయి. దుండగులు అదే పేరుతో హానికరమైన ప్యాకేజీని సృష్టించి కాచుకొని ఉండవచ్చు. 5,76,000 ప్రోగ్రాము నమూనాలను పరిశీలించిన ఒక అమెరికా పరిశోధనలో, ఇటువంటి కల్పిత ప్యాకేజీల శాతం వాణిజ్య నమూనాలలో సగటున 5.2 కాగా, బహిరంగ నమూనాలలో 21.7గా తేలింది. మన పక్షానికి అనుకూలం కాదని ఈ సంగతిని దాచడం తగదు. మేము చేసిన ఏర్పాటు ఏమనగా, అనుమతించిన ప్యాకేజీల జాబితాను అంతర్గత సర్వర్‌లో ఉంచి, దానికి వెలుపలివి దిగుమతి కాకుండా నిలిపివేశాము.

నాలుగవది, ఏ దేశపు నమూనా అన్న ప్రశ్న. సంఖ్యల రాశి తానుగా ఎవరికీ వార్తలు పంపలేదు. నెట్‌వర్కు మన చేతిలో ఉన్నప్పుడు ఆ భయం అనవసరం. అయితే 2024 జనవరిలో ఆంత్రోపిక్ సంస్థ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం మరొక ప్రమాదాన్ని చూపింది. ప్రశ్నలో సంవత్సరం 2023 అని ఉంటే మంచి ప్రోగ్రామును, 2024 అని ఉంటే లోపం గల ప్రోగ్రామును వ్రాసేటట్లు ఒక నమూనాకు వారు ప్రయోగపూర్వకంగా శిక్షణ ఇచ్చారు. ఆ అలవాటు భద్రతా శిక్షణ తరువాత కూడా పోలేదు. కనుక జన్మస్థలం ఏదైనా, యంత్రం వ్రాసిన ప్రతి పంక్తినీ అపరిచితుడు వ్రాసిన పంక్తిగానే భావించి పరిశీలించాలి.

వేగం గురించిన భ్రమ

ఈ సాధనాలతో పని రెట్టింపు వేగంతో సాగుతుందన్న మాట తరచుగా వినిపిస్తున్నది. 2025 జూలైలో మెటర్ అనే సంస్థ ప్రకటించిన పరిశోధన ఈ విషయంలో కళ్ళు తెరిపించేది. అనుభవజ్ఞులైన 16 మంది బహిరంగ మూల ప్రోగ్రామర్లు తమకు బాగా తెలిసిన ప్రాజెక్టులలో 246 పనులు చేశారు. సహాయకుడిని వాడినందువల్ల 20 శాతం సమయం ఆదా అయిందని వారు నమ్మారు. గడియారం ప్రకారం నిజానికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. ఇది ఆనాటి సాధనాలకు, ఆ తరహా పనులకు సంబంధించిన ఫలితం మాత్రమే. అన్ని చోట్లా ఇలాగే జరుగుతుందని అర్థం కాదు. కాని వేగం అనుభూతి వేరు, వేగం వేరు అన్న హెచ్చరిక ఇందులో ఉన్నది. ఇల్లు అలకగానే పండుగ కాదని మన పెద్దలు ఊరకే అనలేదు.

మా సిఫారసులు

ఇన్ని విచారణల తరువాత మేము యాజమాన్యానికి సమర్పించిన సిఫారసులు ఇవి. పాత కోబాల్ ప్రోగ్రాముల వివరణకు ఐ.బి.ఎం. సంస్థ 2024 మేలో విడుదల చేసిన గ్రానైట్ కోడ్ నమూనాలలో 800 కోట్ల పరామితులది చాలునని భావించాము. అపాచీ 2.0 లైసెన్సు ఉండటం, శిక్షణ వివరాలను తగుమాత్రం వెల్లడించడం, శిక్షణ పొందిన 116 ప్రోగ్రామింగ్ భాషలలో కోబాల్ కూడా ఉండటం ఇందుకు కారణాలు. 1978లో వెళ్ళిపోయిన సంస్థ పేరు ఇన్నేళ్ళకు సంఖ్యల రూపంలో మన గదిలోకి వచ్చింది. ఈసారి దానిని ఉంచుకోవడానికి గాని, మార్చుకోవడానికి గాని ఎవరి అనుమతీ అవసరం లేదు. కొత్త ప్రోగ్రాముల రచనకు క్వెన్ 2.5 కోడర్ నమూనాలలో అపాచీ లైసెన్సు గల 3,200 కోట్ల పరామితులదానిని ఒకే సర్వర్ మీద ఉంచి, అందరూ పంచుకోవాలని సూచించాము. ఎడిటర్ ఉపకరణంగా కంటిన్యూను ఎంచుకున్నాము. రేపు ఇంతకంటె మేలైనది వస్తే మూడు అంగాలలో ఏదైనా మార్చుకునే వీలు ఉండాలన్నది మా ఉద్దేశం. తనంతట తానే ఆదేశాలు నడిపించే స్వయంచాలక పద్ధతిని ప్రస్తుతానికి ప్రయోగశాల యంత్రానికే పరిమితం చేశాము.

వీటికి మూడు నిబంధనలు జోడించాము. ఉద్యోగుల వ్యక్తిగత వివరాలు, సంకేతపదాలు నమూనా ముందు ఉంచరాదు. యంత్రం సూచించిన మార్పును ఒక మనిషి చదివి, తన పేరుతో సంతకం చేయనిదే అమలుకు పంపరాదు. జీతాల లెక్కలలో ఏ మార్పు చేసినా గత పన్నెండు నెలల చీటీలతో పైసా పైసా సరిపోల్చాలి.

చివరి సిఫారసుకు సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేదు. పదవీ విరమణ చేయనున్న సహోద్యోగిని రోజువారీ పని నుంచి కొంత విడుదల చేసి, ప్రోగ్రాములోని ప్రతి పేరాకు ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు సమాధానం వ్రాయించాలని కోరాము. యాజమాన్యం అందుకు అంగీకరించింది. ఇప్పుడు ప్రతి మధ్యాహ్నం భోజనానంతరం వారు, ఆనాడు సంకేతపదాన్ని పొరపాటున బయటపెట్టిన యువ సహోద్యోగి కలిసి కూర్చుంటున్నారు. నమూనా ఒక పేరా ఏమి చేస్తున్నదో చెబుతుంది. అది ఎందుకు అలా ఉన్నదో వారు చెబుతారు. యువకుడు దానిని వ్యాఖ్యగా నమోదు చేస్తాడు. రాత్రి షిఫ్టు భత్యం పేరా పైన ఇప్పుడు నాలుగు పంక్తుల వ్యాఖ్య ఉన్నది. మొదటిసారిగా ఆ ప్రోగ్రాములో కార్మికుల ప్రస్తావన కనిపిస్తున్నది.

ఇతర విభాగాలలోని సహోద్యోగులకు మా విన్నపం ఒక్కటే. సహాయకుడు ఎంత చురుకైనవాడైనా మనం వ్రాసి పెట్టినదానినే చదవగలడు. మీ యంత్రాల గురించి, లెక్కల గురించి, నిబంధనల గురించి మీ జ్ఞాపకంలో మాత్రమే ఉన్న విషయాలను, మీరున్నప్పుడే, కాగితం మీద పెట్టండి. వాటిని భద్రపరిచే బాధ్యత మా విభాగం స్వీకరిస్తుంది.